పదిహేనో సీటు

మా ఊళ్ళో చేపల చెరువులకి వేలం పాట పెడతారు. గుళ్ళో కొట్టిన కొబ్బరిచిప్పలకి పాట పెడతారు. ఎలక్షన్లొస్తే ఓట్లకీ ఒకరకంగా పాటే, కాకపోతే దాన్ని కట్టుబాటు అంటారు. రెండువేల మూడు మే నెలలో ఇంటర్ పాసైన పదిహేను మందికి పాట పెట్టారు. ఆ పదిహేను మందిలో నేనొకదాన్ని.

కొల్లేటి లంకల్లో మాదొకటి. చుట్టూ నీళ్ళే, తాగడానికి మాత్రం చుక్క ఉండదు. చేపల చెరువుల్లో వేసే మేత, మందులు అన్నీ ఊరి మంచినీళ్ళ చెరువులోకే ఊరతాయి. బిందెలో పటిక తిప్పి రాత్రంతా ఉంచినా తెల్లారేసరికి అడుగున పచ్చగా పేరుకునేది. కాస్త మంచి నీళ్ళు కావాలంటే ఆడవాళ్ళు దోనె వేసుకుని గట్టు అవతలి ఊరికి వెళ్ళాలి. అక్కడివాళ్ళు తమ బిందెలన్నీ నిండేదాకా మావాళ్ళని పక్కన నిలబెట్టేవారు. మా అమ్మ కనకదుర్గ కాపరానికి వచ్చిన దగ్గర్నుంచీ ఆ దోనె తోస్తూనే ఉంది.

మే నెల వస్తే కాలేజీలవాళ్ళు ఊళ్ళమీద పడతారు. మోటారు సైకిలు మీద ఇద్దరు లెక్చరర్లు, సంచీలో రంగురంగుల పాంప్లెట్లు. ప్రతి ఊళ్ళోనూ ఇంటింటికీ తిరిగి పిల్లల్ని బతిమాలుకుంటారు. మా ఊళ్ళో అంత కష్టం అక్కర్లేదు. ఊరిపెద్ద హనుమయ్యని పట్టుకుంటే చాలు. ఆయన ఊఁ అంటే ఊరు ఊఁ అన్నట్టే.

ఆ ఏడు చేపల సొసైటీ హాల్లో కూర్చుని బేరం చేశారు. గుడివాడ కాలేజీవాళ్ళు బస్సు పెడతామన్నారు. కైకలూరువాళ్ళు అమ్మవారి గుడికి రంగులు వేయిస్తామన్నారు. కంకిపాడులో కొత్తగా డిగ్రీ కాలేజీ పెట్టిన రైసుమిల్లు ఆసామి రామకోటేశ్వరరావు లెక్చరర్లని పంపకుండా తనే కారులో దిగాడు. మా నీళ్ళు ఒక గ్లాసు తెప్పించుకుని, వెలుగులో పెట్టి చూసి, తాగకుండా కింద పెట్టాడట. ఊరికి మంచినీళ్ళ ఫిల్టరు ప్లాంటు కట్టిస్తానన్నాడు. పదిహేను మందీ తన కాలేజీలోనే చేరాలి, ఒక్కరు తగ్గినా మాట లేదన్నాడు.

సాయంత్రానికి గుడి మైకులో కట్టుబాటు చెప్పేశారు. మా పదిహేను మందినీ ఒక్కమాట అడిగినవాళ్ళు లేరు. చెరువులో చేపని అడిగి పాట పెడతారా ఎవరైనా?

మర్నాడు హనుమయ్య ఇల్లిల్లూ తిరిగి మా ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని సొసైటీ బీరువాలో పెట్టి తాళం వేశాడు. కంకిపాడు వెళ్ళేరోజున అందరివీ కలిపి అప్పగించడానికట. అందరికంటే ముందు ఇచ్చింది మా నాన్న కాశీరావే. నేను జూనియర్ కాలేజీ మొత్తానికి ఫస్టొచ్చాను గదా, నా కాగితాలు పైన ఉండాలని ఆయన ముచ్చట.

నాకు అప్పటికే వేరే ఆలోచన ఉంది. పటమటలో మా శివాజీ మావయ్య ఉండేవాడు. రిజల్ట్స్ రాగానే ఆయన్ని వెంటబెట్టుకుని బెజవాడలో ఒక మంచి కాలేజీలో బి.బి.యం.కి, అంటే బిజినెస్ మేనేజ్‌మెంట్ డిగ్రీకి, అప్లికేషన్ పెట్టాను. లిస్టులో నా పేరు వచ్చింది. సోమవారం సాయంత్రంలోగా ఒరిజినల్స్ తెచ్చి ఇవ్వకపోతే సీటు వెనకవాళ్ళకి వెళ్ళిపోతుందని మావయ్య ఫోను చేశాడు.

బి.బి.యం.మీద నాకెందుకంత పట్టుదల అంటే, దానికి కారణం మా ఇంట్లో ఉన్న ఫోనే. మా చేపలు ఐసు పెట్టెల్లో హౌరా వెళ్ళేవి. అక్కడ ఏ ధర పలికిందో, ఎన్ని పాడయ్యాయో ఏజెంటు ఫోనులో చెప్పిందే మాకు వేదం. మా నాన్న ఆ ఫోను పట్టుకుని ‘అట్టాగేనండి, అట్టాగేనండి’ అంటుంటే నాకు ఒళ్ళు మండేది. ఆ ఫోనుకి అవతలివైపు ఎవరు కూర్చుంటారు, అక్కడ కూర్చోవాలంటే ఏం చదవాలి అని మావయ్యని అడిగితే ఆయన ఈ కోర్సు పేరు చెప్పాడు. అప్పటినుంచీ నాకు ఇంకో చదువు చదువులా కనిపించలేదు.

నాన్నకి చెప్పాను.

“కంకిపాడులో కూడా బి.బి.యం. ఉందిగా. బోర్డు మీద రాశారంట. అక్కడే చదువు” అన్నాడు.

“అది రైసుమిల్లు నాన్నా.”

“మిల్లు పక్కనుంటే చదువు ఎక్కదా? ఊరంతా ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారంట. నోరు మూసుకుని ఊరితో పాటు నడువు.”

శుక్రవారం నాడు మమ్మల్నందరినీ రెండు వ్యాన్లలో కాలేజీ చూపించడానికి తీసుకెళ్ళారు. హనుమయ్య ముందు సీట్లో కూర్చున్నాడు. కాలేజీ అంటే మిల్లుకి ఆనుకుని ఉన్న పాత గోడౌను. మధ్యలో ప్లైవుడ్ అడ్డం పెట్టి గదులు చేశారు. తవుడు వాసన ముక్కులోంచి పోదు. కంప్యూటర్ ల్యాబ్ అన్న గదికి తాళం వేసుంది, కిటికీలోంచి చూస్తే గోనెసంచులు కనిపించాయి. గేటు మీద బోర్డు మాత్రం ఆ గోడౌను కంటే కొత్తగా ఉంది. అందులో బి.బి.యం. అన్న అక్షరాలు అన్నిటికంటే పైన ఉన్నాయి.

చైర్మన్ గదిలోకి అందరితోపాటు నేనూ వెళ్ళి అడిగాను. “బి.బి.యం.కి యూనివర్సిటీ పర్మిషన్ వచ్చిందా అండీ?”

రామకోటేశ్వరరావు నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. “ఫస్టొచ్చిన పిల్లవి నువ్వేనా? నీ ఫోటో బస్టాండులో పెట్టిద్దామనుకుంటన్నాం” అన్నాడు.

“పర్మిషన్ సంగతి చెప్పండి.”

“బోర్డు ముందు, పర్మిషన్ వెనక. మిల్లు కూడా అట్టాగే పెట్టా, ఆగిందా? వచ్చుద్దిలే.”

“రాకపోతే?”

“రాకపోతే బి.కాం. రాస్తారు. ఏదైనా డిగ్రీయేగా అమ్మాయ్. రేపు పెళ్ళిపత్రికలో పేరు పక్కన ఏది వేసినా ఒకటే.”

హనుమయ్య పెద్దగా నవ్వాడు. మిగతావాళ్ళూ నవ్వారు.

తిరుగు వ్యానులో నా పక్కన మణికుమార్ కూర్చున్నాడు. నాతోపాటు ఆరో క్లాసునుంచి చదివినవాడు. “విన్నావుగా, పర్మిషన్ లేదంట. మన మూడేళ్ళూ ఏట్లో పోసినట్టే” అన్నాను వాడితో.

“నువ్వు ఊరుకోవే బాబూ” అన్నాడు వాడు. “మొన్న ఎలక్షన్లప్పుడు మా ఇంటిని వెలేసింది మర్చిపోయావా? మా బాబాయి ఒక్కడు కట్టుబాటు తప్పి ఓటేశాడని మూడు నెలలు మాతో ఎవరూ మాట్లాడలా. మీ నాన్న కూడా తన దగ్గిరున్న మా వల వీధిలో పడేశాడు.”

నిజమే, పడేశాడు. వెలి అంటే మా ఊళ్ళో అంత గట్టిది. ఆ ఇంటివాళ్ళతో మాట్లాడితే తప్పు డబ్బు కట్టాలి. అమ్మకూడదు, కొనకూడదు. వెలేసిన ఇంటి వస్తువు ఏదీ, చివరికి అరువు తెచ్చుకున్న గిన్నెతో సహా, ఇంకో ఇంటి కప్పు కింద ఉండకూడదు. ఉంటే ఆ ఇంటికీ వెలే. మణికుమార్ వాళ్ళ వల మా వాకిట్లో దుమ్ములో పడి ఉంటే వాళ్ళమ్మ వచ్చి ఏరుకుని వెళ్ళింది. అప్పుడు నేను గుమ్మంలో నిలబడి చూశాను.

శనివారం సొసైటీ హాల్లో మీటింగు పెట్టారు. వ్యానులో నేనన్న మాటలు అప్పటికే ఊరంతా పాకాయి. మగవాళ్ళు కుర్చీల్లో, ఆడవాళ్ళు వెనక నేలమీద. నన్ను లేచి నిలబడమన్నారు.

“ఏమ్మాయ్, చేరనంటన్నావంట” అన్నాడు హనుమయ్య.

“ఆ కాలేజీకి బి.బి.యం. పర్మిషన్ లేదు పెదనాన్నా. మీరూ విన్నారు.”

“పెద్దమనిషి వచ్చుద్దన్నాడు.”

“అయితే ప్లాంటు ముందు కట్టించమనండి. కుళాయిలో నీళ్ళు వచ్చినరోజున నేనే వెళ్ళి చేరతా. చేపల్ని తూకం వెయ్యకుండా లారీ ఎక్కిస్తామా మనం?”

కుర్చీల్లో ఒకళ్ళిద్దరు మొహాలు చూసుకున్నారు. ఒక్క నిమిషం నా మాట వాళ్ళకి ఎక్కిందనే అనుకున్నాను. అంతలో హనుమయ్య తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

“మాట ఇచ్చిన మనిషిని తూకం వేస్తే రేపు మన గడప ఎవడు తొక్కుతాడు? సూటిగా చెప్పు. నీకొక్కదానికి చదువు కావాలా, ఊరికి నీళ్ళు కావాలా?”

వెనకనుంచి పెద్దింట్లమ్మ అనే ముసలావిడ అందుకుంది. “ఇదుగో నా మెడ చూడవే. బిందెలు మోసి మోసి వంకరపోయింది. నీ చదువు కోసం ఇంకెన్నాళ్ళు మొయ్యమంటావు మమ్మల్ని?”

మగవాళ్ళు ఎన్నన్నా నాకు లెక్కలేదు గాని ఆవిడ మెడ నిజంగానే వంకరగా ఉంది. తియ్యగా, తెలివిగా ఏదైనా చెప్పాల్సిన సమయం అది. కానీ నాకు తియ్యగా మాట్లాడటం పుట్టుకతోనే రాదు. అందులోనూ అడ్డంగా ఇరికించాలని అడిగే ప్రశ్నకి అసలు రాదు.

“నాకు చదువే కావాలి” అన్నాను.

హాలంతా లేచింది. ‘కాశీరావు పెంపకం చూడండి’ అని ఒకడు, ‘నీ నోట్లో మన్ను పడ’ అని ఒకావిడ. నా వయసు ఆడపిల్లలే నా జడ పట్టి లాగారు. సోమవారం పొద్దున కంకిపాడు వ్యాను వస్తుందని, కాశీరావు కూతురు ఎక్కకపోతే ఆ ఇంటికి వెలి అని తీర్మానించి లేచారు.

ఇంటికొచ్చాక నాన్న నన్ను కొట్టలేదు. కొడితే బాగుండేది. “నువ్వు పుట్టినప్పుడు పద్మశ్రీ అని పేరు పెట్టుకున్నా, పెద్ద బిరుదు వచ్చినట్టు” అని వాకిట్లోకి ఉమ్మి, అన్నం తినకుండా పడుకున్నాడు. ఊరుమ్మడి చేపల చెరువుల్లో మా వాటా పోతుందని ఆయన భయం. ఆ భయం అబద్ధం కాదు. అమ్మ మాత్రం మంచిగా గాని చెడుగా గాని ఒక్క ముక్క మాట్లాడలేదు. నాకు ఆవిడమీదే ఎక్కువ కోపం వచ్చింది.

ఆదివారం పొద్దున్నే అమ్మ తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని, “పద” అంది. ఎక్కడికని అడిగితే చెప్పలేదు. తిన్నగా సొసైటీ హాలుకి వెళ్ళింది. హనుమయ్య, ఇంకో నలుగురు పెద్దలు టీ తాగుతున్నారు. మా వెనకాల నాన్న పరిగెత్తుకుంటూ వచ్చాడు.

“బావగారూ, పిల్ల కాగితాలు ఇప్పించండి” అంది అమ్మ.

“కట్టుబాటు దాటితే ఏమవుద్దో తెలుసుగా కనకదుర్గా.”

“తెలుసండి. వెలెయ్యండి.”

హనుమయ్య టీ గ్లాసు కింద పెట్టాడు. “ఏవన్నావు?”

“రేపటిదాకా ఎందుకండి, ఇప్పుడే వెయ్యండి. మైకులో చెప్పించండి. వెలేసిన ఇంటి సూది కూడా మీ కప్పు కింద ఉండకూడదని మణికుమార్ వాళ్ళప్పుడు మీరే చెప్పారు. మరి మా పిల్ల కాగితాలు మీ బీరువాలో ఎట్టా ఉంటాయి? వెయ్యనంటారా, అప్పుడు మేం ఊరివాళ్ళమే. ఊరివాళ్ళ కాగితాలు ఊరివాళ్ళకి ఇచ్చెయ్యండి. ఏదో ఒకటి చెయ్యండి, నేను ఇక్కడే నిలబడి ఉంటా.”

నాన్న ఆవిడ చెయ్యి పట్టుకుని లాగాడు. అమ్మ ఆ చెయ్యి విదిలించుకుంది. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆవిడ అలా చెయ్యడం నేను చూడలేదు, నాన్న కూడా చూసి ఉండడు.

చుట్టూ జనం పోగయ్యారు. వెలి అన్నది ఎత్తిపట్టుకున్న కర్ర. పట్టుకున్నంతసేపే దానికి విలువ. ‘కొట్టు’ అని వీపు చూపిస్తే ఏం చెయ్యాలో హనుమయ్యకి తోచలేదు. ముందు నవ్వాడు, తర్వాత నచ్చజెప్పాడు, తర్వాత కేకలేశాడు. అమ్మ కదల్లేదు. కాగితాలు ఇచ్చేసి వెలెయ్యకుండా ఊరుకుంటే తెల్లారి ఇంకో ఇద్దరొచ్చి అడుగుతారు. కాబట్టి వెలే వేశాడు.

మైకు గరగరలాడింది. నాన్న ఇంటిపేరుతో సహా ఆయన పేరు ఊరంతా వినబడింది. ఆయన హాలు మెట్టు మీద కూలబడ్డాడు. హనుమయ్య బీరువా తెరిచి, పైనున్న నా కవరు తీసి, మా చేతికివ్వకుండా బయటి దుమ్ములోకి విసిరాడు. అమ్మ వంగి తీసుకుని, కొంగుతో తుడిచి నాకిచ్చింది.

“దోనె ఎక్కు. గట్టు అవతల బస్సు వెళ్ళిపోద్ది” అంది.

రేవులో ఎవరూ మా వంక చూడలేదు. అమ్మే గెడ వేసింది. సగం దూరం వెళ్ళాక నాకు ఏడుపొచ్చి, “నువ్వెందుకు నిన్ననే మాట్లాడలా?” అని అడిగాను.

“నిన్న ఆలోచించుకుంటన్నా” అంది. “నాకూ నీళ్ళు కావాలిగా.”

సోమవారం నా సీటు నాకు దక్కింది. మావయ్యవాళ్ళింట్లో ఉండి చదువుకున్నాను. మొదటి ఏడాదంతా నాన్న ఫోనులో కూడా నాతో మాట్లాడలేదు. హౌరా ఏజెంటుతో మాట్లాడేవాడు, కన్నకూతురితో కాదు. ఏడాది తర్వాత ఊరి కాళ్ళమీద పడి, తప్పు కట్టి, వెలి తీయించుకున్నాడు. చెరువుల్లో వాటా మాత్రం సగమే తిరిగిచ్చారు.

పద్నాలుగు మంది కంకిపాడు వెళ్ళారు. ‘పదిహేను మంది అన్నాం, పద్నాలుగు మందే వచ్చారు’ అని రామకోటేశ్వరరావు ఫిల్టరు ప్లాంటు ఎగ్గొట్టాడు. బి.బి.యం. పర్మిషన్ ఆ ఏడు రాలేదు, పై ఏడూ రాలేదు. అందరిచేతా బి.కాం. రాయించాడు, సగంమంది తప్పారు. నేను చెప్పింది అక్షరాలా జరిగింది. ఊళ్ళోవాళ్ళు ఎవరైనా ‘పాపం, ఆ పిల్ల ముందే చెప్పింది’ అంటారని చాలాకాలం ఎదురుచూశాను. ఒక్కళ్ళు కూడా అనలేదు.

పదిహేను మందీ వెళ్ళినా ఆ మనిషి ప్లాంటు కట్టేవాడు కాదు. ఇంకో సాకు వెతికేవాడు. అది నాకు తెలుసు. కాకపోతే ఆ సంగతి ఊరికి రుజువు చెయ్యాలంటే నేను కంకిపాడు వెళ్ళి ఉండాలి. ఈ ముడి విప్పడం నాకు ఈనాటికీ చేతకాలేదు. విప్పాల్సింది నేను కాదు, హనుమయ్య. ఆయనకి నిద్ర బాగానే పడుతుందని విన్నాను.

చదువయ్యాక బెజవాడలో, హౌరాకి చేపల లారీలు పంపే ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. ఫోనుకి అవతలివైపు కూర్చున్నాను. ఇంత ధర పలికిందని ఉన్నదున్నట్టు చెబితే మా లంకలవాళ్ళు నమ్మరు. అది వేరే కథ.

ఊరికి వెళ్ళడం తక్కువ. రెండువేల తొమ్మిదిలో అమ్మకి కాలు బెణికిందంటే వెళ్ళాను. అప్పటికి ప్రభుత్వం కొల్లేటి ఆక్రమణలంటూ చేపల చెరువుల గట్లు కొట్టించేసి మూడేళ్ళయింది. ఊరు సగం ఖాళీ. మణికుమార్ కైకలూరునుంచి మంచినీళ్ళ క్యాన్లు తెచ్చి అమ్ముతున్నాడు. బి.కాం. తప్పిన వాళ్ళలో వాడొకడు. ఆ మధ్యే పెళ్ళయింది. క్యాను చెప్పి రావడానికి అమ్మ కుంటుకుంటూ బయల్దేరితే తోడు నేనూ వెళ్ళాను.

వాడు ఇంట్లో లేడు. వాడి భార్య కృత్తివెన్ను వైపు పిల్ల, మర్యాద తెలిసిన పిల్ల. నన్ను చూడటం అదే మొదలు. మడతమంచం వాల్చి, కూర్చోబెట్టి, స్టీలు గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. నేను గ్లాసులోకి చూడటం చూసి నవ్వింది.

“తాగండి, పర్లేదు. పద్మశ్రీ నీళ్ళు కాదులెండి. క్యాను నీళ్ళే.”

“పద్మశ్రీ నీళ్ళంటే?” అన్నాను.

“చెరువు నీళ్ళండి. అంట్లు తోముకునేవి, గేదెలకి పెట్టేవి. ఈ ఊళ్ళో అట్టాగే అంటారు, చిన్నపిల్లలు కూడా. ఎందుకంటారో నాకూ తెలీదు. అత్తయ్యగారికి తెలిసుంటది.”

అత్తయ్యగారంటే మా అమ్మ. నేను అమ్మవైపు తిరిగాను. ఆవిడ తలవంచుకుని బెణికిన కాలు సవరించుకుంటోంది. ఆ కొత్త కోడలు మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, “మీ పేరేంటండి?” అని అడిగింది.

అమ్మ నా మణికట్టు పట్టుకుని నొక్కింది. చెప్పొద్దని. సొసైటీ హాలు ముందు నిలబడి వెలెయ్యమని అడిగిన మనిషి ఆవిడ. నేను చెప్పాను. ఆ పిల్ల మొహం పాలిపోయింది, లోపలికి వెళ్ళిపోయింది. ఆ పిల్ల తప్పేముంది గనక.

క్యాన్లు కొనుక్కునే స్తోమత మావాళ్ళకి ఆమధ్యే వచ్చింది. అంతకుముందు ఏళ్ళ తరబడి అమ్మ ఆ చెరువు గట్టునే నిలబడి, పక్కనున్న ఆడవాళ్ళందరూ ఆ పేరుతో పిలుస్తున్న నీళ్ళలో బిందె ముంచింది. నాకు ఒక్కసారి కూడా చెప్పలేదు.